ఎనిమిదో తరగతి సర్దుబాటు

సోషల్ మాస్టారు బొటనవేలు తడి చేసుకుని బోర్డు మీద తన పేరు తుడిచేయడం లెక్కల టీచర్ కళ్ళారా చూసింది.

పేరంటే నిజంగా పేరు కాదు. స్టాఫ్ రూములో బీరువా పక్కన వేలాడే ఆ చిన్న నల్లబోర్డు మీద మనుషుల పేర్లుండవు, సబ్జెక్టులే ఉంటాయి. ఎవరైనా సెలవు పెడితే వాళ్ళ క్లాసుకి ఆ గంటలో లీజరున్న, అంటే క్లాసు లేని ఇంకొకరు వెళ్ళాలి. దాన్ని సర్దుబాటు అంటారు. పెద్దసారు పొద్దున్నే వచ్చి సుద్దముక్కతో రాసిపోతారు. ఇంగ్లీషు టీచర్ కంటి ఆపరేషన్ చేయించుకుని వారం పాటు సెలవులో ఉంది కాబట్టి, ఆ రోజు ఆయన రాసింది ఇది: ఎనిమిదో తరగతి, మూడో పీరియడ్, సోషల్.

మాస్టారు "సోషల్" ఒక్కటే తుడిచాడు. తరగతినీ పీరియడ్‌నీ ముట్టుకోలేదు. ఆ మాత్రం ధర్మం ఆయనకుంది. వేలు రుమాలుకి తుడుచుకుని, కిటికీ పక్క కుర్చీలో కూలబడి, పేపరు మడత విప్పాడు. తిరిగి చూస్తే లెక్కల టీచర్ తననే చూస్తోంది.

"మోకాళ్ళమ్మా," అన్నాడు. "ఎనిమిదో తరగతి మేడ మీద కదా. ఎక్కడం ఎలాగోలా ఎక్కుతాను. మళ్ళీ దిగాలి."

ఆవిడ ఇన్నేళ్ళుగా ఏమీ అనలేదు, ఇప్పుడు కొత్తగా ఏమంటుంది. రెండో పీరియడ్ అయి, పిల్లల నోటుబుక్కుల దొంతర మోసుకుంటూ వచ్చేసరికి బోర్డు మీద ఖాళీ లేదు. "డ్రాయింగ్" అని గుండ్రటి అక్షరాలు, గీత గీసి రాసినట్టు తిన్నగా ఉన్నాయి. డ్రాయింగ్ టీచర్ అప్పటికే భుజాన సంచీ తగిలించుకుని మెట్లెక్కుతోంది.

ప్రతిసారీ ఇంతే. పెద్దసారు సైన్సని రాసినా, సోషలని రాసినా, చివరికి బోర్డు మీద మిగిలేది డ్రాయింగే. ఆ అమ్మాయి బడికి అందరికంటే కొత్తది, నోట్లో నాలుక లేదు. లెక్కల టీచర్‌కి ఒళ్ళు మండింది. నోటుబుక్కులు బల్ల మీద కాస్త గట్టిగానే పడేసింది. పేపరు వెనకనుంచి సోషల్ మాస్టారు ఉలిక్కిపడ్డాడు. అంతకుమించి ఆ మంట వల్ల జరిగిందేమీ లేదు.

కానీ రేపటి సంగతి వేరు. రేపటినుంచి మూడు రోజులు ఈ బడికి ఆవిడే హెడ్డు.

అది ఉద్యోగం కాదు, పరీక్ష. రెండేళ్ళుగా సాయంత్రాలూ ఆదివారాలూ ధారపోసి ఆవిడ బడి నిర్వహణలో పీజీ చదువుతోంది. ఆఖరి ప్రాక్టికల్ ఇదే. పెద్దసారు కావాలనే సెలవు పెడతారు. ఆవిడ ఆయన కుర్చీలో కూర్చుని బడి నడపాలి. యూనివర్సిటీనుంచి గైడు మేడమ్ వచ్చి ఓ మూల కూర్చుని చూసి మార్కులు వేస్తుంది. పాసైతే పట్టా చేతికొస్తుంది. పెద్దసారు ఈ ఏడాది రిటైరవుతున్నారు. పట్టా ఉంటే ఆ కుర్చీ ఈవిడకేనని, లేకపోతే బయటినుంచి ఎవరినో తెస్తామని బడి కమిటీవాళ్ళు మొహం మీదే చెప్పారు. కుర్చీ మీద తనకేం ఆశలేదని లెక్కల టీచర్ అందరితో అంటుంది. ఆశ ఉంది. చాలా ఉంది.

ప్రాక్టికల్లో భాగంగా బడిలో ఏదైనా ఒక తప్పు సరిదిద్ది చూపించాలి కూడా. ఏం సరిదిద్దాలో తేలక నెలరోజులుగా తల పట్టుకున్న ఆవిడకి, ఇప్పుడు తప్పు బీరువా పక్కనే వేలాడుతూ కనిపించింది.

ఇంట్లో బల్ల ఒకటే, చదువుకునేవాళ్ళు ఇద్దరు. అటువైపు కూతురు కాలేజీ పరీక్షలకి, ఇటువైపు తల్లి ప్రాక్టికల్‌కి. వంటింట్లో ఆవిడ భర్త గిన్నెలు తోముతున్నాడు. పెళ్ళాం పీజీలో చేరిన రోజునుంచీ రాత్రి గిన్నెలు ఆయనవే.

"అమ్మా, 'సర్దుబాటులో సమన్యాయం' అంటే ఏంటి?" కూతురు తల్లి కాగితాన్ని తలకిందులుగా చదివింది. "పేరు భలే పెట్టావు. విషయం ఏంటి?"

"నోరు లేనివాళ్ళ మీద అందరూ పని తోసేస్తున్నారు. అది ఆపాలి."

"అయితే ముందు మన ఇంట్లో ఆపు," వంటింట్లోంచి ఆయన గొంతు వినిపించింది. "నాకూ నోరు లేదు."

తల్లీకూతుళ్ళిద్దరూ నవ్వేశారు. ఆ నవ్వుతోనే ఆవిడకి ధైర్యం వచ్చింది. సోషల్ మాస్టారికి ఎదురుగా నిలబడి "వెళ్ళండి" అనడం తనవల్ల కాదని ఆవిడకి తెలుసు. ఆయన అన్నగారి వయసువాడు, పైగా మోకాళ్ళు. అందుకని వేరే దారి ఆలోచించింది. మూడో పీరియడ్ తనకీ లీజరే కదా. ఎనిమిదో తరగతికి తనే వెళ్తుంది. ఎవరితోనూ గొడవ లేదు, ఆ అమ్మాయికి ఊరట. రెండేళ్ళ చదువంతా కలిపితే ఇంత సులువైన ఉపాయం తేలిందని సంబరపడి నిద్రపోయింది.

మొదటి రోజు అందరికంటే ముందు వెళ్ళి, బోర్డు మీద పెద్ద అక్షరాలతో "లెక్కలు" అని రాసింది. హెడ్డు రాసిన హెడ్డు పేరు, తుడిచే వేలు ఏదో చూస్తానన్నట్టు రాసింది.

గైడు మేడమ్ వచ్చింది. లెక్కల టీచర్ కంటే ఓ పదేళ్ళు చిన్నదిలా ఉంది. కళ్ళద్దాలు జుట్టులోకి దోపుకుని, హెడ్డు గదిలో గోడవారగా కుర్చీ లాక్కుని, "నేను లేననుకోండి," అంది. అలా అనుకోవడం ఎంత కష్టమో అనేవాళ్ళకేం తెలుస్తుంది. లెక్కల టీచర్ హాజరు చూసింది, సంతకాలు పెట్టింది, ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని మందలించింది. పెద్దసారు కుర్చీకి చేతులున్నాయి. వాటి మీద చేతులు పెట్టుకోవాలో ఒళ్ళో పెట్టుకోవాలో తేల్చుకోలేక కాసేపు అవస్థ పడింది. మూడో గంట మోగగానే ప్రాణం లేచొచ్చినట్టై, సుద్దముక్క తీసుకుని మేడెక్కేసింది.

ఎనిమిదో తరగతి ఎందుకో ఆ రోజు ఉత్సాహంగా లేదు. గుమ్మంలో ఆవిడని చూడగానే పిల్లలు డెస్కుల మీద పరిచిన కాగితాలు గబగబా చుట్టి లోపలికి తోసేశారు. ముందు బెంచీ పిల్ల అడిగింది, "డ్రాయింగ్ టీచర్ రారా మేడమ్?"

"ఆవిడ రానక్కర్లేదు. ఇకనుంచి నేనే వస్తాను," గర్వంగా చెప్పింది.

మొహాలు వాడిపోయాయి. లెక్కలంటే ఏ క్లాసులోనైనా మొహాలు అలాగే వాడతాయి కాబట్టి ఆవిడ పట్టించుకోలేదు. బీజగణితంలో రెండు అభ్యాసాలు లాగించేసింది. ఒంటినిండా సుద్దపొడితో, ఓ మంచి పని చేసిన తృప్తితో కిందికి దిగింది.

హెడ్డు గదిలో గైడు మేడమ్ కళ్ళద్దాలు తుడుచుకుంటోంది.

"ఒకాయన వచ్చి నన్ను బాగా తిట్టి వెళ్ళాడండీ," అంది తాపీగా.

"మిమ్మల్నా? ఎందుకండీ?"

"హెడ్డు గదిలో ఉన్నది నేనే కదా, నేనే హెడ్డుననుకున్నాడు. కుళాయి దగ్గర నేలంతా నీళ్ళేనట, వాళ్ళబ్బాయి జారిపడ్డాడట. రేపటికల్లా బాగుచేయిస్తానని మాటిచ్చాను. ఆ మాట ఇక మీరు నిలబెట్టుకోవాలి."

లెక్కల టీచర్ నాలుక్కరుచుకుంది. ఆ మధ్యాహ్నమంతా కుళాయి మనిషి కోసం ఫోన్లతోనే సరిపోయింది.

రెండో రోజు కుళాయి మనిషి రెంచీతో సహా వచ్చాడు. ఆవిడ మళ్ళీ "లెక్కలు" అనే రాసింది. రాసి వెనక్కి తిరిగేసరికి డ్రాయింగ్ టీచర్ నిలబడి ఉంది. చేతిలో సుద్దముక్క ఉంది, ఏదో అడగాలన్నట్టు పెదవులు కదిలాయి.

"ఏమీ చెప్పకు," లెక్కల టీచర్ ఆ అమ్మాయి భుజం తట్టింది. "నాకన్నీ తెలుసు. నువ్వు హాయిగా కూర్చుని విశ్రాంతి తీసుకో. నేనున్నంతకాలం నీ మీద ఎవరూ వేయరు."

ఆ అమ్మాయి సుద్దముక్కని మెల్లిగా బోర్డు అంచు మీద పెట్టేసింది. "సరే మేడమ్," అంది. కళ్ళు దించుకుంది. కృతజ్ఞత మాటల్లో చెప్పలేకపోతోంది పాపం అనుకుంది లెక్కల టీచర్. గబగబా గుమ్మం వైపు నడిచింది.

"హెడ్డయ్యాక కూడా క్లాసులేంటమ్మా?" పేపరు వెనకనుంచి సోషల్ మాస్టారు అడిగాడు. "పెద్దసారిని చూసి నేర్చుకో. హాయిగా కుర్చీలో కూర్చుంటారు."

ఆవిడ ఆగకుండా బయటికి వచ్చేసింది. ఆయనతో మాట్లాడితే మాట తూలుతానని భయం.

సాయంత్రం బడి వదిలాక గైడు మేడమ్ మొదటిసారి తనంతట తాను నోరు విప్పింది.

"మీ పాఠం మేడ మెట్ల మీద నిలబడి విన్నాను. చాలా బాగుంది. ఇంత బాగా చెప్పేవాళ్ళు అరుదు."

లెక్కల టీచర్ మొహం విప్పారింది.

"కానీ నేను మార్కులు వేయాల్సింది పాఠానికి కాదు. మీరెందుకు వెళ్ళారు ఆ క్లాసుకి?"

బోర్డు సంగతీ, బొటనవేలి సంగతీ, నోట్లో నాలుక లేని అమ్మాయి సంగతీ అన్నీ చెప్పింది. చెబుతుంటే తన మీద తనకే గౌరవం కలిగింది. గైడు మేడమ్ ఓపిగ్గా విని, "తనకి ఇబ్బందిగా ఉందని ఆ అమ్మాయి చెప్పిందా?" అంది.

"చెప్పే రకం కాదండీ. అందుకే కదా."

"పోనీ మీరు అడిగారా?"

గైడు మేడమ్ సంచీ సర్దుకుని లేచింది. "రేపు మధ్యాహ్నానికి నా పని అయిపోతుంది. ఇప్పటివరకైతే మీ పేరు పక్కన ఏమీ రాయలేదు."

లెక్కల టీచర్‌కి ఇంటికి నడిచి వెళ్తున్నంతసేపూ ఆ ఖాళీయే కళ్ళముందు మెదిలింది. ఫెయిలైతే మళ్ళీ ఏడాది ఆగాలి. అప్పటికి ఆ చేతుల కుర్చీలో ఎవరో బయటి మనిషి కూర్చుని ఉంటాడు. రెండేళ్ళ ఆదివారాలు గంగలో కలిసినట్టే.

ఇంటికెళ్ళి ఏం చేయాలో తోచక బల్ల సర్దింది. మనసు బాగోకపోతే ఆవిడకి చేతులు ఊరుకోవు. కూతురు పుస్తకాలు సైజు ప్రకారం పేర్చింది, తెరిచి ఉన్నవి మూసింది, చెల్లాచెదురుగా ఉన్న కాగితాలు ఒక్క క్లిప్పుకి బిగించింది. కూతురు వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది.

"అమ్మా, అవి తెరిచి పెట్టింది ఆ పేజీల కోసమే. ఇప్పుడు నాకేదీ దొరకదు."

"చిందరవందరగా ఉందని సర్దానే."

"నిన్నెవరు సర్దమన్నారు? సర్దేది నువ్వు, వెతుక్కునేది నేను."

లెక్కల టీచర్ నవ్వబోయి ఆగిపోయింది. చేతిలో క్లిప్పుతో అలాగే కుర్చీలో కూర్చుండిపోయింది. తల్లిని మరీ ఎక్కువగా అన్నానేమోనని కూతురు కంగారుపడి, పక్కన చేరి బుజ్జగించింది. ఏమని బుజ్జగిస్తోందో తల్లి వినిపించుకోనేలేదు. సుద్దముక్కని బోర్డు అంచు మీద అంత మెల్లిగా పెట్టిన ఆ చెయ్యి గుర్తొస్తోంది.

మూడో రోజు పొద్దున బోర్డు మీద "ఎనిమిదో తరగతి, మూడో పీరియడ్" అని రాసి, పక్కన ఖాళీ వదిలేసింది. మూడో గంటకి కాస్త ముందు స్టాఫ్ రూముకి వచ్చింది. గైడు మేడమ్ వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది. సోషల్ మాస్టారు ఎప్పటిలాగే పేపరు వెనక ఉన్నాడు. డ్రాయింగ్ టీచర్ ఓ మూల కూర్చుని కుంచెలు కడిగి గుడ్డకి తుడుస్తోంది.

"నిన్ను ఒకటి అడగాలి," అంది లెక్కల టీచర్. పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "రెండు రోజుల ముందే అడగాల్సింది. ఈ సర్దుబాట్లన్నీ నీ మీద పడుతుంటే నీకెలా ఉంటుంది?"

ఆ అమ్మాయి కుంచె తుడవడం ఆపింది. సోషల్ మాస్టారి వైపు చూసింది. పేపరు కదల్లేదు.

"నా మీద ఎవరూ వేయరు మేడమ్. నేనే రాసుకుంటాను."

"నువ్వే?"

"అక్షరాలు చూడలేదా మేడమ్? మాస్టారు అంత గుండ్రంగా రాయగలరా?"

పేపరు ఈసారి కదిలింది.

"టైమ్ టేబుల్లో డ్రాయింగ్ ఏడో తరగతితో అయిపోతుంది కదండీ," ఆ అమ్మాయి మెల్లిగా, కానీ తడబడకుండా చెప్పింది. "ఎనిమిదిలోకి వెళ్ళాక వాళ్ళకి డ్రాయింగ్ లేదు. నిరుడంతా నేర్పి, సరిగ్గా చెయ్యి తిరిగే వేళకి వదిలేయాలి. ఎవరైనా సెలవు పెడితేనే వాళ్ళు నాకు దొరుకుతారు. ఇంగ్లీషు టీచర్‌కి వారం సెలవని తెలిసి పెద్ద బొమ్మ మొదలుపెట్టించాను. రెండు రోజులనుంచీ..." అని ఆగిపోయింది.

రెండు రోజులనుంచీ ఏమైందో ఆ గదిలో అందరికీ తెలుసు. లెక్కల టీచర్ చెవులు వేడెక్కాయి. "మరి నిన్న నాకు చెప్పొచ్చుగా?"

"ఏమీ చెప్పకు అన్నారు మేడమ్."

పేపరు పూర్తిగా కిందికి దిగింది. "మోకాళ్ళు నిజమేనమ్మా," అన్నాడు సోషల్ మాస్టారు. "అబద్ధమాడను. కానీ ఆవిడ రాసుకోవాలంటే చోటుండాలిగా. అందుకని నేను చోటు చేసిపెడతాను. సైన్సు ఆవిడా అంతే. పెద్దసారికీ తెలుసు, చూడనట్టు ఉంటారు."

"అందరికీ తెలిసి, నాకెందుకు చెప్పలేదు?"

డ్రాయింగ్ టీచర్ మళ్ళీ కుంచె తుడవడంలో పడింది. చివరికి మాస్టారే తెగించాడు.

"పీరియడ్ ఖాళీగా ఉందని తెలిస్తే, సిలబస్ మిగిలిపోయింది, లెక్కలకి ఇవ్వండి అని అడిగేదెవరమ్మా ఈ బడిలో?"

గుమ్మంలో గైడు మేడమ్ దగ్గొచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకుంది. లెక్కల టీచర్ ఒకరి తర్వాత ఒకరి మొహాలు చూసింది. కోపం రావాలి, రాలేదు. సిగ్గేసింది, ఆ వెంటనే నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేక చేత్తో నోరు మూసుకుంది. ఆవిడ నవ్వేదాకా బిగబట్టుకున్న మాస్టారు అప్పుడు పెద్దగా నవ్వాడు.

మూడో గంట మోగింది. ఆవిడ లేచి, బోర్డు అంచు మీది సుద్దముక్క తీసి డ్రాయింగ్ టీచర్‌కి అందించింది. ఆ అమ్మాయి ఖాళీలో గుండ్రంగా రాసుకుని, సంచీ భుజాన వేసుకుని, మెట్లు రెండేసి చొప్పున ఎక్కేసింది.

కాసేపాగి లెక్కల టీచర్ కూడా మేడెక్కింది. క్లాసులోకి వెళ్ళలేదు, తలుపు పక్కన నిలబడింది. కాగితాల చుట్టలన్నీ బయటికొచ్చాయి. బడి ఎదురుగా ఉన్న వీధి బొమ్మ అది. ఒక్కొక్కరు ఒక్కో కొట్టు గీస్తున్నారు. అన్నీ అంటిస్తే గోడ పొడవునా వీధి అవుతుంది. సైకిల్ షాపు, మందుల కొట్టు, సగం తెరిచిన షట్టర్లు, గుమ్మంలో ఒళ్ళు విరుచుకుంటున్న ఓ కుక్క. లెక్కల క్లాసులో ఎంత అడిగినా పెదవి విప్పని పిల్ల ఒకతి స్కేలు పట్టుకుని అందరి మీదా పెత్తనం చేస్తోంది.

"నీ తలుపు నా తలుపుకి రెట్టింపు ఉంది. మీ కొట్టుకి ఏనుగులొస్తాయా? చెరిపి సగం చెయ్యి."

నిష్పత్తి అంటే ఏమిటో అదే పిల్లకి పోయిన నెలలో మూడుసార్లు చెప్పింది లెక్కల టీచర్. లోపలికి వెళ్ళి, "చూశారా పిల్లలూ, మీరు చేస్తున్నది లెక్కలే," అనాలని నాలుక దురదపెట్టింది. ఒక కాలు గడపదాకా వెళ్ళింది కూడా. ఆ కాలు వెనక్కి తీసుకుని కిందికి దిగింది. ఆ మెట్లు దిగడం కష్టమని సోషల్ మాస్టారు చెప్పింది అబద్ధం కాదనిపించింది.

హెడ్డు గదిలో గోడకి బడి మొత్తం టైమ్ టేబుల్ ఉంది. దాని ముందు చేతులు కట్టుకుని నిలబడింది. ఎనిమిదో తరగతి వరసలో లెక్కల గళ్ళు అన్నిటికంటే ఎక్కువ. వాటిలో సగం తను ఏటా పెద్దసారిని బతిమాలీ, సతాయించీ సంపాదించుకున్నవే. పెద్దసారికి ఫోన్ చేసింది. "ఎనిమిదికి వారానికో డ్రాయింగ్ పీరియడ్ పెడదామనుకుంటున్నానండీ." అటునుంచి ఆయన, "నీ ఇష్టమమ్మా, మూడు రోజులూ నువ్వే కదా. కానీ గడి ఎవరిది తీస్తావు? ఎవరినడిగినా ఏడుస్తారు," అన్నారు. "ఆ సంగతి నేను చూసుకుంటాను," అంది. కుర్చీలో కూర్చుంది. చేతులు వాటంతటవే కుర్చీ చేతుల మీదికి వెళ్ళాయి.

గైడు మేడమ్ సంచీలోంచి కాగితం తీసి రాసి, సంతకం పెట్టింది.

"మొదటి రెండు రోజులకీ ఏమీ వేయలేదండీ. ఆ రెండు రోజులూ ఈ బడి హెడ్డు సెలవులో ఉంది," అంది. "ఈ రోజుకి వేశాను. పాసవడానికి అది చాలు. పైన ఇంకొంచెం కూడా ఉంది."

లెక్కల టీచర్ లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది. కళ్ళు చెమర్చాయి. దాచుకోవాలనిపించలేదు.

మధ్యాహ్నం టీల వేళకి గైడు మేడమ్‌ని వెంటబెట్టుకుని స్టాఫ్ రూముకి వచ్చి, విషయం అందరి ముందూ చెప్పింది. వచ్చే వారంనుంచి ఎనిమిదో తరగతికి డ్రాయింగ్ పీరియడ్ ఉంటుంది, ఎవరి సెలవు కోసమూ ఎదురుచూడక్కర్లేదు. డ్రాయింగ్ టీచర్ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

"ఏ రోజు మేడమ్?"

"శుక్రవారం, మొదటి పీరియడ్."

పిల్లల బుర్రలు పొద్దున్నే తేటగా ఉంటాయని, ఆ పీరియడ్ కోసం నాలుగేళ్ళ కిందట ఎవరు ఎంత గొడవ చేశారో అందరికీ గుర్తే.

"అది లెక్కలది కదమ్మా," అన్నాడు సోషల్ మాస్టారు.

"లెక్కలదే."

"ఆవిడ ఊరుకుంటుందా?"

"ఎందుకు ఊరుకుంటుంది? హెడ్డు దగ్గరికెళ్ళి పెద్ద గొడవ పెట్టుకుంటుంది."

"మరి హెడ్డేమంటుంది?"

లెక్కల టీచర్ నిజంగానే ఆలోచించింది. శుక్రవారం పొద్దున, కిటికీలోంచి ఎండ పడుతుంటే, పిల్లలు ఠకఠకా జవాబులు చెప్పే ఆ గంట అంటే ఆవిడకి ప్రాణం. టీ ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది.

"ఏమంటుంది. సర్దుకోమంటుంది."